డి డ్రైవ్‌లో పాఠాలు

మా ఆవిడ పోయాక నన్ను ఓదార్చనిది మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. మిగతా అందరూ వచ్చి, చేతులు పట్టుకుని, దేవుడు మంచివాళ్లనే ముందు తీసుకుపోతాడని, గుండె రాయి చేసుకోవాలని చెప్పి పోయారు. ప్రత్యేకంగా చేసుకోవాల్సిన పని లేకుండా అది అప్పటికే రాయై ఉంది. జ్వరమని కర్నూలుకు తీసుకుపోయాను. అంబులెన్సులో ఆదోనికి తెచ్చుకున్నాను. ఆ మధ్యలో జరిగింది ఎవరడిగినా వరసగా చెప్పగలిగేవాణ్ణి. చెబుతుంటే ఎదురింటివాళ్ల సంగతి చెబుతున్నట్టు ఉండేది. ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు కాసేపు నా మొహంకేసి చూసి, అదేదో తామే తప్పు చేసినట్టు లేచి వెళ్లిపోయేవాళ్లు.

నేను ఒక పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాను. లారీ వచ్చి కాటా మీద నిలబడితే తెర మీద బరువు పడుతుంది. మీట నొక్కితే చీటీ వస్తుంది, చింపి డ్రైవరు చేతికి ఇస్తాను. కంప్యూటర్‌తో నా పరిచయం అంతవరకే. దినాలు అయిపోయిన మర్నాడే పనిలోకి పోయాను. మిల్లులో అందరూ నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుతుంటే చిరాకేసింది గానీ, ఆ చిరాకు కూడా మధ్యాహ్నం దాకా నిలవలేదు.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఆమెది. ఆమె కౌతాళం దారిలో ఒక పల్లెలో టీచరు. సాయంత్రం బడి నుంచి వచ్చి, మొహం కడుక్కుని, గ్లాసెడు టీ తాగి, ముందు గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని మైకు ముందు పాఠాలు చదివేది. ఆ పాఠాలు తన బడి పిల్లలకు కాదు, ఎమ్మిగనూరులో ఉన్న తన చెల్లెలికి.

చెల్లెలికి పుట్టుకతోనే చూపు లేదు. అయినా డిగ్రీ చదివింది, బీఎడ్ చేసింది, టీచరు ఉద్యోగాల పరీక్షకు కూర్చుంటోంది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ పిల్ల కంప్యూటర్‌లో ఉంది. కానీ పరీక్షకు కావాల్సినవి అచ్చు పుస్తకాలు. పేజీలు ఫొటో తీసి ఇస్తే ఆ యంత్రం ఒత్తులు మింగేసి, దీర్ఘాలు ఎక్కడపడితే అక్కడ సాగదీసి, అది ఏ భాషో తెలియకుండా చదివేది. అందుకని అక్క చదివి రికార్డు చేసేది. చేసినదాన్ని డి డ్రైవ్‌లో 'పాఠాలు' అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో వేసేది. ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి రెండు ఇళ్లలోనూ పెట్టుకున్నారు. ఇక్కడ ఆ ఫోల్డర్‌లో ఏది పడినా దానంతట అదే ఎమ్మిగనూరులో తేలేది.

ఒకసారి బంధువుల పిల్లలు సెలవులకు వచ్చి, ఆటలు దించుకోవడానికి చోటు చాలక, ఆ ఫోల్డర్‌లో సగం తుడిచేశారు. అప్పటి నుంచి ఆమె దాన్ని తన ఖాతాలోంచి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా కట్టుదిట్టం చేసింది. నాకు కూడా తెరుచుకోకుండా చేసింది. ఇదేమిటని అడిగితే, "నీకేంటికప్పా పాఠాలు? నువ్వేమన్నా పరీచ్చ రాస్తాండావా?" అని నవ్వింది.

దినాలు అయిన రోజు మా అక్క ఇల్లంతా సర్దింది. ఆలూరులో నెట్ సెంటర్ నడుపుతుంది మా అక్క. చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఏ అప్లికేషన్ పెట్టాలన్నా ఆమె దగ్గరికే రావాలి. కంప్యూటర్ ఎంత బాగా తెలుసో ఆచారాలూ అంత బాగా తెలుసు. పోయినవాళ్లు వాడిన వస్తువులు ఇంట్లో ఉండకూడదని చీరలు ఇచ్చేసింది, చాప కాలవలో వదిలించింది, దువ్వెన, చెప్పులు, టీ తాగే గ్లాసు బయటికి పంపేసింది. ఇల్లు కడిగించింది. చివరికి ముందు గదిలోకి వచ్చి కంప్యూటర్ ఆన్ చేసింది.

ఆన్ చేస్తే తెర మీద రెండు మొహాలు వస్తాయి. ఒకటి నాది. ఒకటి బడి వార్షికోత్సవం నాడు ఆకుపచ్చ చీరలో తీయించుకున్న ఆమె ఫొటో. ఎవరి మొహం మీద నొక్కి పాస్‌వర్డ్ కొడితే వాళ్ల ఖాతా తెరుచుకుంటుంది.

"పొద్దున లేస్తానే పోయినోల్ల మొగం తెర మీద సూడగూడదప్పా," అంది అక్క. "కోకలు ఇచ్చేసినాం, సాప ఇడిసినాం. ఇదొక్కటి ఏంటికి పెట్టుకునేది?"

"నీ ఇష్టమక్కా," అన్నాను.

ఏ మాటకైనా ఆ రోజుల్లో నా జవాబు అదే. అక్క నాలుగు చోట్ల నొక్కింది. ఆ ఖాతా పోయింది. నా మొహం ఒక్కటే తెర మధ్యలోకి జరిగి కూర్చుంది. "డి డ్రైవ్‌లో ఉండేవి యాడికీ పోవులే, బద్రంగా ఉంటాయి," అంది. అందులో అబద్ధం లేదు. భద్రంగానే ఉన్నాయి.

కొన్నాళ్లకు మరదలు ఫోన్ చేసింది. తిన్నావా, పనికి పోతున్నావా అని అడిగింది. అడగవలసింది అది కాదని ఇద్దరికీ తెలుసు. చివరికి మెల్లగా చెప్పింది.

"బావా, ఆకరి పాఠాలు నాకు రాల్యా. 'శిశు వికాసం పుస్తకం మొత్తం సదివేసినా, నెట్టు సరిగా లేదు, రేపటికి నీకొస్తాయి' అని అక్క సెప్పినాది. ఆ రేపే జరమొచ్చింది."

నేను కంప్యూటర్ ఆన్ చేసి చూస్తానన్నాను. చూడలేదు. రెండోసారి ఆ పిల్ల ఫోన్ చేయలేదు. ఫోన్ చేసి ఉంటే ఏదో ఒకటి చెప్పి పెట్టేసేవాణ్ణి. చేయకపోయేసరికి మిల్లుకు సెలవున్న రోజు నేనే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. తప్పు ఆ పక్కనే ఉండి ఉంటుంది, అక్కడే తేలిపోతుంది అనుకున్నాను. మా ఇంట్లో ఆ కంప్యూటర్ ముందు కూర్చోకుండా తప్పించుకోవాలన్నదే అసలు సంగతి.

వాళ్లది మగ్గాల వీధి. వాకిట్లోకి అడుగు పెట్టేసరికి పక్కింటి మగ్గం చప్పుడుతో పాటు లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. నా చెప్పుల చప్పుడు విని మరదలు వెంటనే ఆపేసింది. నేను ఏమీ విననట్టు లోపలికి పోయాను. ఆ పిల్ల ఏమీ వినిపించనట్టు కుర్చీ జరిపింది. మా అత్త ఉగ్గాని తెచ్చి ముందు పెట్టి, నేను తింటున్నంతసేపూ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమెకు చదువు రాదు. వస్తే ఈ బాధే ఉండేది కాదు.

మరదలు మీటల మీద వేళ్లు పోనిస్తూ, ఆ యంత్రం గబగబా గొణిగేది వింటూ అంతా చూసింది.

"ఈడ అంతా సరిగ్గానే ఉండాది బావా. ఆ పక్కనుంచే రావడం ల్యా."

"వేరే ఎవరితోనైనా చదివిస్తే?"

"అడిగినా. ఒకామె ఒగ పాఠం సదివి పంపింది, మల్ల తీరిక లేదనింది. వాళ్లనేమంటాం? ఎన్నేండ్లకో ఒగసారి పడే పరీచ్చ బావా ఇది. వచ్చే నెలనే. శిశు వికాసం లేకుంటే నేను పోయి కూసునేది కూడా దండగే." మీటల మీంచి వేళ్లు తీసి, "అక్క సదివిపెట్టింది కదా," అంది.

ఆ మాట ఫిర్యాదులా అనలేదు. అందుకే నాకు కాదనడానికి దారి దొరకలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆదోని వచ్చేదాకా ఏమీ ఆలోచించలేదు.

ఇంటికి వచ్చి కంప్యూటర్ ఆన్ చేశాను. డి డ్రైవ్‌లోకి పోయి 'పాఠాలు' మీద నొక్కాను. ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు అనుమతి లేదు, కొనసాగించమంటారా అని అడిగింది. కొనసాగించు అన్నాను. కాసేపు ఆలోచించి, మీకు అనుమతి నిరాకరించబడింది అని చెప్పింది. అనుమతి లేనప్పుడు కొనసాగించమంటావా అని అడగడం దేనికి? నా ఇంట్లో, నేను కట్టే కరెంటుతో నడుస్తూ, నా భార్య చదివిన పాఠానికి నాకు అనుమతి లేదంటోంది. మామూలు రోజుల్లో అయితే ఆ పెట్టెను ఒక్కటి తన్ని ఉండేవాణ్ణి. అప్పుడు మాత్రం మిల్లులో చీటీ చదివినట్టు తెర మీద ఉన్నది చదివి, మరదలికి ఫోన్ చేసి వినిపించాను.

"ఫోల్డర్ మీద కుడి పక్క నొక్కు బావా. కిందాకరికి ప్రాపర్టీస్ అని ఉంటాది. అందులో సెక్యూరిటీ. ఆడ ఎవురెవురి పేర్లుండాయో సదువు."

పేర్లేవీ లేవు. ఒక మనిషి బొమ్మ, దాని మీద ప్రశ్న గుర్తు, పక్కన గుర్తు తెలియని ఖాతా అని, ఆ వెంట తెర చివరి దాకా పోయే పెద్ద నంబరు. ఆ నంబరు మొత్తం చదివాను. మళ్లీ ఒకసారి చదవమంది.

"అదే బావా, అక్క," అంది.

నాకు అర్థం కాలేదు. ఆ పిల్లే విడమరిచి చెప్పింది. కంప్యూటర్ మనల్ని పేరుతో గుర్తుపెట్టుకోదట. ఖాతా తెరిచిన రోజున ఒక నంబరు ఇస్తుంది. పేరు, ఫొటో మనం చూసుకోవడానికే. ఖాతా తీసేస్తే పేరు, ఫొటో పోయి, ఆమె తాళం వేసుకున్న చోటల్లా నంబరు మాత్రం మిగిలిపోతుంది. ఆ నంబరు గల మనిషికి తప్ప ఎవరికీ ఇవ్వొద్దని ఆమె చెప్పింది. అది ఇంకా ఆ మాట మీదే ఉంది.

సంగతి విని ఆదివారం అక్క ఆలూరు నుంచి వచ్చింది. ఖాతా తీసింది తనే గనక బాగు చేయాల్సిందీ తనే అని వచ్చీ రాగానే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి మరదల్ని కూడా పిలిచాం. అక్కకు తోచిన ఉపాయం చాలా తేలికైనది. పోయిన ఖాతా మళ్లీ పెడితే సరిపోతుంది కదా. అదే పేరు అక్షరం పొల్లు పోకుండా కొట్టింది. మరదలు చెప్పిన ఆమె పాత పాస్‌వర్డే పెట్టింది. నా ఫోన్‌లోంచి ఆకుపచ్చ చీర ఫొటో తీసుకుని అందులో అతికించింది. ఆపి, మళ్లీ ఆన్ చేసింది.

తెర మీద రెండు మొహాలు వచ్చాయి.

నాకు ఏమైనా అవుతుందేమోనని అక్క నావైపు చూసింది. ఏమీ కాలేదు. ఫొటోలో ఆమె తల పైన కొంచెం కత్తిరించుకుపోయిందని మాత్రం గమనించాను. అక్క ఆ మొహం మీద నొక్కి లోపలికి పోయి, డి డ్రైవ్ తెరిచి, 'పాఠాలు' మీద నొక్కింది. అనుమతి లేదు.

"అదే పేరు, అదే పొటో. దీనికేం రోగమొచ్చింది?" అంది అక్క.

"కొత్త నంబరు ఇచ్చింటుంది వదినా," అంది ఫోన్‌లో మరదలు. "పేరు ఒగటే అయినా దానికి ఈమె వేరే మనిషి."

అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆచారం ప్రకారం సరిగ్గా చేసింది, కంప్యూటర్ ప్రకారం కూడా సరిగ్గానే చేసింది, రెండూ కలిసి ఇక్కడికి తెచ్చాయి. "నేను తీసేయకుండా ఉంటే పాయె," అని కళ్లు తుడుచుకుంది. మా ఆవిడంటే అక్కకు ప్రాణం. నేను ఏడవాల్సిన ఏడుపు కూడా కలిపి ఆమే ఏడుస్తున్నట్టనిపించింది. టీ పెట్టుకొచ్చి ఇచ్చాను. తాగుతూ, ఉన్న సంగతి చెప్పింది. ఇంక మిగిలిన దారి ఒకటే. ఆ ఫోల్డర్‌కు ఓనరును మార్చాలి. నంబరు తీసేసి నా పేరు పెట్టాలి.

"నువ్వు, ఆ పిల్ల సూసుకోండప్పా. నా సేతులు ఆడవు," అంది. కొత్తగా పెట్టిన ఖాతాను ఏం చేయాలో నేను అడగలేదు, తీసేస్తానని అక్కా అనలేదు. మధ్యాహ్నం బస్సుకు ఆలూరు వెళ్లిపోయింది.

భోజనం చేసి మళ్లీ కూర్చున్నాను. ఫోన్ కంప్యూటర్ పక్కన పెట్టుకున్నాను. మరదలు చెబుతుంటే ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అక్కడి నుంచి అడ్వాన్స్‌డ్ అనేదానిలోకి పోయాను. పైన ఒకే వరస. ఓనర్ అని ఉంది, పక్కన ఆ నంబరు, దాని పక్కన నీలం అక్షరాలతో మార్చు అని ఉంది.

"మార్సు మీద నొక్కు బావా. నీ పేరు కొట్టు."

రేషన్ కార్డులోంచి ఆమె పేరు నేనే తీయించాను. బ్యాంకులో, మండలం ఆఫీసులో, వాళ్ల బడిలో, ఒక్కోచోటికి పోయి మరణ ధ్రువపత్రం ముందు పెట్టి, సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. ఎవరో గుమస్తా పాపం అంటే, పర్వాలేదు సార్ అన్నాను. ఇప్పుడు మౌస్ మీద వేలు కదల్లేదు. అన్నిచోట్లా ఆమె పోయిందని ఒప్పుకున్నారు. ఈ పెట్టె ఒక్కటే ఇవి ఆమెవి, ఆమె వస్తేనే ఇస్తానని కూర్చుని ఉంది. దాన్ని కూడా ఒప్పించాలంటే నాకు మనసు రాలేదు. అదే నోటితో చెప్పాను.

"ఇది తీసేస్తే ఇంక ఎక్కడా లేదు పాపా ఆమె."

పాపా అని మా ఆవిడ పిలిచేది. నేనూ అలాగే పిలుస్తాను.

"నాకు మాత్రం మార్సాలనుందా బావా?" అంది ఆ పిల్ల. "ఉన్నీలే, వద్దులే అని నీకు సెప్పాలని ఫోన్ ఎత్తినప్పుడంతా అనుకుంటా. నోరు రాదు. నాకు పాఠాలు కావాల. నేను గెలవాల. అక్క సదివింది నేను గెలవాలనే కదా."

నొక్కాను. నా పేరు కొట్టాను. లోపలున్న అన్నిటికీ ఇదే వర్తింపజేయాలా అని గడి ఉంటే అందులో టిక్కు పెట్టాను. ఇప్పుడున్న అనుమతులన్నీ పోతాయి, సరేనా అని అడిగింది. సరే అన్నాను. ఒక చిన్న కిటికీలో ఫైళ్ల పేర్లు గబగబా పరుగెత్తాయి. ఆమె ఒక్కోదానికి పెట్టిన పేర్లు, కంటికి అందకుండా పోయాయి. ఆగిపోయాక చూస్తే ఓనర్ పక్కన నా పేరుంది. అది చూస్తే, ఎవరూ లేనప్పుడు వేరేవాళ్ల ఇంట్లోకి పోయి కూర్చున్నట్టుంది.

తర్వాత ఆ పంచుకునే సాఫ్ట్‌వేర్‌ను నా ఖాతాలో కొత్తగా ఎక్కించి, ఫోల్డర్ ఎక్కడుందో చూపించాం. అవతల మరదలి కంప్యూటర్ గొణిగింది. ఎవరో కొత్తవాళ్లు నీతో ఫోల్డర్ పంచుకుంటామంటున్నారు, ఒప్పుకుంటావా అని అడుగుతోందట. "మా బావలే, ఒప్పుకుంటా," అని దానికి చెప్పింది. ఆ పూట ఇద్దరం నవ్వింది అప్పుడొక్కసారే.

పంపుతోంది అని తెర మీద పడింది. పాఠాలు ఒకటొకటే ఎమ్మిగనూరు దారి పట్టాయి. నా పని అయిపోయింది, లేవచ్చు అనుకున్నాను.

"బావా, ఒగటి తెరిసి సూడవా," అంది మరదలు. "ఆకరిది. మాట సరిగ్గా వస్తాందో లేదో. ఆడ సెడిపోయింటే ఈడికి వచ్చినా లాభం లేదు. ఊరికే రవ్వంత ఇని ఆపేయి."

ఆమె పోయాక ఆమె గొంతును నేను కావాలని వినలేదు. ఫోన్‌లో ఉన్న వీడియోలు తెరవలేదు. ఎమ్మిగనూరు వాకిట్లో వినిపించింది ఒక్క మాట. ఇప్పుడు వినడం నాకోసం కాదు, ఫైలు బాగుందో లేదో చూడడానికి. అలా అనుకుని చివరిదాని మీద నొక్కాను.

ఒకసారి గొంతు సవరించుకుంది. తర్వాత బడిలో చదివినట్టు నిదానంగా, ప్రతి మాటా విడదీస్తూ మొదలుపెట్టింది. ఆట ద్వారా శిశువు తన పరిసరాలను తెలుసుకుంటాడు అని చదివింది. ఆగి, పుస్తకం పక్కన పెట్టిన గొంతుతో, "ఏం లేదు పాపా, మట్టిలో ఆడుకోనిస్తే సాలు, వాళ్లే నేర్సుకుంటారు. దీనికి ఇంత పొడుగు రాసినారు," అంది. మళ్లీ పుస్తకంలోకి పోయింది. మాట శుభ్రంగా ఉంది, ఎక్కడా తెగలేదు. బాగుందని చెప్పి ఆపేద్దామని మౌస్ పట్టుకున్నాను.

"ఇదో, ఇంటాండావా? ఆ ఫ్యాను రవ్వంత తగ్గించప్పా. గాలి సప్పుడంతా మైకులో పడతాంది."

లేచాను. పోయి తలుపు పక్కనున్న రెగ్యులేటర్‌ను తిప్పాను. నెత్తి మీద ఫ్యాన్ నిదానించింది.

"ఆ, సాలు," అంది.

మళ్లీ చదవసాగింది. నా చెయ్యి రెగ్యులేటర్ మీదే ఉండిపోయింది. నేను ఎందుకు లేచానో, ఎవరు చెబితే లేచానో అప్పుడు తెలిసింది. గోడకు ఆనుకున్నాను.

"బావా," అంది ఫోన్‌లో మరదలు. "నువ్వు లేసి తగ్గించినావా?"

ఊఁ అనబోయాను. నోట్లోంచి వేరే చప్పుడు వచ్చింది. అన్నాళ్లుగా రానిది అంతా ఒక్కసారి వచ్చింది. ఆపేయడానికి కంప్యూటర్ దాకా నడవలేకపోయాను.

"ఆపొద్దు బావా," అంది మరదలు. ఆ పిల్ల కూడా ఏడుస్తోంది. "పోనీ. నేను ఇంటాండా."

శిశువు ఎన్ని రకాలుగా ఆడుకుంటాడో ఆమె ఒక్కొక్కటిగా చదువుతూ పోతోంది. అవతల ఆ పిల్ల వింటోంది. నా ఏడుపు పాఠం మీద పడకుండా భుజం మీది తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాను.